తాగి బండి నడపడం: గోదావరి డెల్టా వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి వచ్చినా, పెళ్ళి జరిగినా, చెరువులో చేపలు, రొయ్యల పట్టుబడి బాగా పలికినా నలుగురూ కలుస్తారు. కలిసినచోట చాలాసార్లు సీసా కూడా ఉంటుంది. తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టడం లేదు. తాగినవాడు బండెక్కడం గురించి మాత్రమే మాట్లాడుకుందాం. హైవే మీద ఆపడానికి పోలీసు ఉంటాడు. కాలవ గట్టు మీద మనం తప్ప ఎవరూ ఉండరు. కింది జవాబులన్నీ ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ఎంత తాగితే కేసు అవుతుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 185 చూడండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం. నడపబోయినా నేరమే. స్కూటీ అయినా, ట్రాక్టర్ అయినా, రొయ్యల వ్యాన్ అయినా లెక్క ఒకటే. గంజాయిలాంటి మత్తులో బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నవాళ్ళకీ ఇదే సెక్షన్ వర్తిస్తుంది.

ఒక్క బీరే కదండీ, దానికీ పట్టుకుంటారా?

పట్టుకుంటారు. బీరంటే తేలికన్న నమ్మకం మన దగ్గర బాగా పాతుకుపోయింది కాబట్టి ఈ లెక్క ఓపిగ్గా చూడండి. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం ఆల్కహాల్ ఉంటే, ఆ సీసాలో ఉన్న ఆల్కహాల్ దాదాపు 41 గ్రాములు. 42.8 శాతం ఉండే విస్కీ నైంటీలో, అంటే 90 మిల్లీలీటర్లలో ఉండేది దాదాపు 30 గ్రాములే. అంటే "నేను బీరే తాగాను, వాడు నైంటీ వేశాడు" అని చెప్పుకునేవాడి ఒంట్లోనే ఎక్కువ ఆల్కహాల్ ఉంది.

70 కిలోల మగమనిషి ఆ బీరు గబగబా తాగేస్తే, వైద్యులు వాడే మామూలు సూత్రం ప్రకారం రక్తంలో 80 మిల్లీగ్రాములు దాటే అవకాశం ఉంది. హద్దు 30. ఆడవాళ్ళలో, బరువు తక్కువున్నవాళ్ళలో, ఖాళీ కడుపుతో తాగినవాళ్ళలో ఇంకా పైకి పోతుంది. ఇది అంచనా మాత్రమే, ఒక్కో ఒంటికి ఒక్కోలా ఉంటుంది. అందుకే "నాకు ఇంతవరకూ పర్లేదు" అని ఎవరికి వాళ్ళు గీత గీసుకోవడం కుదరదు. బండి నడపాల్సినవాడు చుక్క కూడా ముట్టకపోవడమొక్కటే నమ్మదగిన లెక్క.

కల్లు మందు కాదు కదా?

చట్టం సీసా మీద లేబుల్ చూడదు, రక్తంలో ఏముందో చూస్తుంది. చెట్టు మీంచి తెల్లారి దించిన కల్లుకీ, ఎండెక్కేదాకా పులిసిన కల్లుకీ ఘాటులో చాలా తేడా ఉంటుంది. తాటికల్లు ముంతలతో తాగేవాళ్ళకి ఎంత ఎక్కిందో లెక్క తెలియదు. ఊదితే మాత్రం అంకె చూపిస్తుంది.

మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ళ స్నానం?

ఏదీ పని చేయదు. స్నానం చేస్తే నిద్రమత్తు వదులుతుందేమో గానీ ఆల్కహాల్ వదలదు. కిళ్ళీ వేసుకుంటే వాసన మారుతుంది, అంకె మారదు.

రాత్రి తాగి పడుకుని, తెల్లారి బండి తీయొచ్చా?

చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు, కూరగాయలు, కొబ్బరికాయల లోడు వేసుకుని తెల్లారకముందే బయల్దేరేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయమిది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉన్న ఆల్కహాల్‌ని లివరు గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించగలదు, తొందరపెట్టే మందేదీ లేదు. 70 కిలోల మనిషి రాత్రి 11 గంటలకి క్వార్టర్ (180 మిల్లీలీటర్ల విస్కీ) ముగిస్తే 30 కిందికి దిగడానికి ఆరేడు గంటలు పట్టొచ్చు. రెండు క్వార్టర్లయితే మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకి కూడా హద్దు పైనే ఉండొచ్చు. "పడుకుని లేచాను, దిగిపోయింది" అన్నది వట్టి నమ్మకం. మూడింటికి లేచి పట్టుబడికి వెళ్ళాల్సి ఉంటే ముందు రాత్రి తాగకూడదు, లేదా వేరే డ్రైవర్‌ని మాట్లాడుకోవాలి.

పోలీసులు ఊదమంటే ఊదనని చెప్పొచ్చా?

చెప్పినంత మాత్రాన బయటపడరు. యూనిఫాంలో ఉన్న పోలీసుకి గానీ, రవాణా శాఖ అధికారికి గానీ సహేతుకమైన అనుమానం ఉంటే సెక్షన్ 203 కింద ఊదమని అడిగే హక్కుంది. సరైన కారణం లేకుండా ఊదనన్నా, రక్తం ఇవ్వనన్నా ఆ నిరాకరణే కోర్టులో మీకు వ్యతిరేకంగా పనికొస్తుందని సెక్షన్ 205 చెబుతోంది.

మీకూ హక్కులున్నాయి, అవీ తెలిసుండాలి. సెక్షన్ 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలిపెట్టాలి. దగ్గు మందు తాగినందుకో, నోరు పుక్కిలించే మందు వాడినందుకో నోట్లో ఆల్కహాల్ మిగిలి అంకె ఎక్కువ చూపిస్తోందని మీకనిపిస్తే ఆ మాట మర్యాదగా చెప్పండి. పావుగంట ఆగి మళ్ళీ ఊదనివ్వమనండి, రక్తపరీక్ష అడగండి. గొడవపడితే మీ మీద ఇంకో కేసు పడుతుంది తప్ప అంకె తగ్గదు.

దొరికాక ఏమవుతుంది? అక్కడే ఫైన్ కట్టేసి వెళ్ళిపోలేమా?

కుదరదు. హెల్మెట్ చలానాలాగా రోడ్డు మీద తేల్చుకునే నేరం కాదిది, మేజిస్ట్రేట్ ముందుకి వెళ్ళాల్సిందే. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. మళ్ళీ దొరికితే రెండేళ్ళ దాకా జైలు గానీ, 15,000 జరిమానా గానీ, రెండూ గానీ. 2019 సవరణకి ముందు ఈ జరిమానాలు రెండు వేలు, మూడు వేలే.

జరిమానాతో అయిపోదు. లైసెన్సుని పోలీసులు స్వాధీనం చేసుకుని రవాణా శాఖకి పంపొచ్చు. మీ వాదన విన్నాక మొదటిసారికి మూడు నెలలు అనర్హుణ్ణి చేయొచ్చు, మళ్ళీ చేస్తే లైసెన్సు రద్దు కూడా కావొచ్చు. కారు తోలి బతికేవాడికి ఆ మూడు నెలలూ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆలోచించండి.

బండి సంగతి చాలామంది అడుగుతారు. వెనకాల కూర్చున్నవాడు తాగకుండా ఉండి, అతనికి లైసెన్సుంటే బండి అతనికి అప్పగించమని అడగండి. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని పట్టి ఉంచకూడదని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. అది పక్క రాష్ట్రం తీర్పే అయినా అడగడానికి ఆధారంగా పనికొస్తుంది.

కువైట్ వెళ్ళడానికి కాగితాలు పెట్టుకున్నాను. ఈ కేసు అడ్డొస్తుందా?

రావొచ్చు. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు నిరాకరించడానికి పాస్‌పోర్టుల చట్టంలో వీలుంది. పోలీసు వెరిఫికేషన్‌లోనూ బయటపడుతుంది. కోనసీమలో ఏజెంటుకి అప్పుచేసి డబ్బు కట్టి, టిక్కెట్టు కోసం ఎదురుచూస్తూ, వెళ్ళేముందు స్నేహితులకి పార్టీ ఇచ్చే కుర్రాళ్ళకి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. కేసు ఇప్పటికే ఉంటే వాయిదాలు ఎగ్గొట్టకుండా హాజరై తేల్చుకోండి. పట్టించుకోకుండా వదిలేస్తే వారెంటు వస్తుంది.

యానాంలో తాగి ఎదుర్లంక వంతెన దాటితే ఏ చట్టం?

యానాం పుదుచ్చేరిదే అయినా, వంతెనకి అటూ ఇటూ ఒకటే చట్టం. మోటారు వాహనాల చట్టం కేంద్రానిది.

తాళం ఇచ్చినవాడికీ కేసేనా?

సెక్షన్ 188 చదవండి. తాగి నడపడానికి ప్రోత్సహించి, సాయపడినవాళ్ళకి కూడా నడిపినవాడికి పడే శిక్షే పడుతుంది. "నువ్వు నడపగలవు బావా, పోనీ" అంటూ వెనకెక్కి కూర్చునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

మైనరు పిల్లలకి బండిస్తే పరిస్థితి ఇంకా కఠినం. 2019లో వచ్చిన సెక్షన్ 199ఎ ప్రకారం పిల్లవాడు నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంటర్ చదివే కొడుకుని జాతరకి బుల్లెట్ మీద పంపే తండ్రులు మన ఊళ్ళలో తక్కువేం లేరు.

మా ఊరి గట్టు రోడ్డు మీద పోలీసులే రారు. ఇంక ఈ చట్టాలన్నీ ఎందుకు?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. 16వ నంబరు హైవే మీద రావులపాలెం దగ్గరో, తణుకు దగ్గరో తనిఖీలుంటాయి. 216 మీద అమలాపురం, రాజోలు వైపూ పండగ రోజుల్లో ఆపుతారు. కానీ మన ప్రయాణాల్లో ఎక్కువ భాగం హైవే మీద కాదు. ధవళేశ్వరం నుంచి చీలిన కాలవలూ, వాటి పిల్ల కాలవలూ డెల్టా అంతా అల్లుకుని ఉన్నాయి. ఊరికీ ఊరికీ మధ్య దారి ఆ గట్ల మీదే. ఏ ప్రభుత్వమూ ప్రతి లాకు దగ్గరా, ప్రతి పుంతరోడ్డు మొదట్లోనూ ఒక ఎస్సైని నిలబెట్టలేదు.

ఆ రోడ్డు రాత్రిపూట ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఒక లారీ, ఒక బైకు పక్కపక్కన పట్టేంత వెడల్పు. ఒకవైపు కాలవ, రెండోవైపు చేను గానీ చెరువు గానీ. చాలాచోట్ల అడ్డుగోడ లేదు. మలుపు దగ్గర ఎదుటి బండి లైటు కళ్ళలో పడితే రెప్పపాటు ఏమీ కనపడదు. తాగినవాడి కళ్ళు ఆ వెలుగునుంచి తేరుకోవడానికి ఇంకా ఆలస్యమవుతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు అర సెకను ఆలస్యంగా పడితే 7 మీటర్లు అదనంగా పోయినట్టే. గట్టు మీద ఆ 7 మీటర్లలో రోడ్డు అయిపోతుంది.

సార్వా, దాళ్వా కోతలప్పుడు ఇంకో ప్రమాదం. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, బండ్లు తొక్కకుండా అంచున వరసగా రాళ్ళు పెడతారు. సాయంత్రానికి రాశి చేసి నల్ల బరకం కప్పుతారు. చీకట్లో ఆ బరకం రోడ్డులో కలిసిపోతుంది. కాపలాకని రైతు ఆ రాశి పక్కనే తుండుగుడ్డ పరుచుకుని పడుకుంటాడు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు ఇంకో పక్క ఆగి ఉంటుంది. మెలకువగా ఉన్నవాడికే కష్టమైన దారి అది. అక్కడ రాళ్ళు పెట్టడం తప్పే, లైటు లేకపోవడమూ తప్పే. తాగి రావడానికి అవి సాకు కావు.

కాబట్టి చట్టం పనికిరాదని నేననను. హైవే మీద ఒకసారి దొరికి కోర్టుకి తిరిగినవాడు గట్టు మీద కూడా ఆలోచిస్తాడు. కానీ ఆ రాత్రి, ఆ ఇంటి ముందు, ఆ బండి కదలకుండా ఆపగలిగేది ఆ ఇంట్లో ఉన్న మనుషులే.

బైకే కదా, పడితే నాకే కదా దెబ్బ?

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఒక బైకు జారి పడింది. రోడ్డు మీదున్న ఆ బైకు మీదుగా హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు వెళ్ళి, మంటలు లేచి, నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైకు నడిపిన యువకుడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలినట్టు పోలీసులు చెప్పారు. అతనూ చనిపోయాడు. "నాకే కదా" అనే మాటకి అంతకన్నా జవాబు అక్కర్లేదు.

తాగినవాడు తాళం ఇవ్వనంటే ఏం చేయాలి? అందులోనూ అల్లుడుగారైతే?

తాగాక వాదిస్తే గెలవలేరు. "నువ్వు ఎక్కువ తాగావు" అనగానే "నేనా?" అంటాడు. తాగకముందే తాళాలు తీసుకోవడం అన్నిటికన్నా సులువు. ఇంట్లో ఫంక్షన్ పెట్టినవాళ్ళు గుమ్మం దగ్గరే ఒకర్ని కూర్చోబెట్టి "తాళాలు ఇటిచ్చేయండి, బండి నీడలో పెట్టిస్తాం" అని తీసుకుంటే ఎవరికీ అవమానం అనిపించదు. వెళ్ళేటప్పుడు తాళం ఎవరి చేతికివ్వాలో ఆ మనిషే చూస్తాడు. ఆ పనికి తాగని మనిషిని, నలుగురూ మాట వినే మనిషిని పెట్టాలి.

అల్లుడి విషయం నిజంగానే ఇబ్బంది. సంక్రాంతికి కొత్త అల్లుడొస్తే మామగారు ఎదురుచెప్పలేరు, అత్తగారు అసలే మాట్లాడరు. ఆ పని బావమరిది చేయాలి. "బావగారూ, కోడిపందేల బరి దగ్గర పార్కింగ్ దొరకదు, బండి నేను తెస్తాను" అని పొద్దున్నే తాళం జేబులో వేసుకుంటే సాయంత్రం గొడవుండదు. బయల్దేరతానని పట్టుబడితే "అమ్మ పొద్దున్నే పొట్టిక్కలు వేస్తానంది, తిని వెళ్దురు గాని" అని ఆపండి. మర్యాద పేరుతో తాగించిన ఇంటికి అదే మర్యాదతో ఆపే బాధ్యత కూడా ఉంది. ఆడపడుచు పక్క సీట్లో కూర్చుని, ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడం మర్యాద కాదు.

రాత్రి తొమ్మిది దాటితే చాలా ఊళ్ళకి బస్సుండదన్నది నిజం. అందుకే పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు ముందే రాసిపెట్టుకోండి, రాత్రికి ఆగమని ముందే మాట్లాడండి. లేదా నాలుగు చాపలు, రెండు దుప్పట్లు సిద్ధం చేయండి. ఎంత చెప్పినా వినకుండా బండి తీసి వెళ్ళిపోతే 112కి ఫోన్ చేసి బండి నంబరు, వెళ్ళిన దిక్కు చెప్పండి. సొంతవాడి మీద ఫోన్ చేయడమేంటని మనసు లాగుతుంది. చేయండి.

తాగి గుద్ది మనిషి చనిపోతే ఎంత శిక్ష?

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ళ దాకా జైలు. ప్రాణం పోవచ్చని తెలిసీ అలా నడిపాడని కోర్టు భావిస్తే కేసు సెక్షన్ 105 కిందికి, అంటే హత్య కిందికి రాని నరహత్యగా మారుతుంది, శిక్ష ఇంకా పెరుగుతుంది. 2006లో ముంబైలో మద్యం తాగి కారు నడిపి, ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న కూలీల్లో ఏడుగురి ప్రాణాలు తీసినవాడికి పాత చట్టంలోని అలాంటి సెక్షన్ కిందే పడ్డ మూడేళ్ళ శిక్షని సుప్రీంకోర్టు 2012లో ఖాయం చేసింది. ధాన్యం రాశి పక్కన పడుకున్న రైతుని గుద్దితే ఈ తీర్పు గుర్తుచేస్తారు.

ఇన్సూరెన్స్ ఉంది కదా?

తాగి నడిపితే మీ బండి రిపేరుకీ, మీ సొంత ప్రమాద బీమాకీ కంపెనీ డబ్బివ్వదు, పాలసీలో ఆ షరతు ఉంటుంది. ఎదుటివాడికి ఇవ్వాల్సిన పరిహారం విషయంలో కూడా తాగి నడిపాడన్న కారణం చూపి తప్పుకోవడానికి 2019 సవరణ కంపెనీకి అవకాశం ఇచ్చింది. బాధితులకి ముందు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు కంపెనీలకి చెప్పిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు ఆ లక్షలు మీ అరెకరం అమ్మి కట్టాల్సి వస్తుంది.

కారు కాలవలో పడింది, లేదా రోడ్డు మీద ఎవరో పడి ఉన్నారు. సాయం చేస్తే సాక్షిగా తిప్పుతారా?

తిప్పరు. సెక్షన్ 134ఎ సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. 108కి, 112కి ఫోన్ చేయండి.

కారు నీళ్ళలో పడితే లోపలున్నవాళ్ళకి మొదటి నిమిషమే కీలకం. బెల్టు విప్పి, అద్దం దించి, పిల్లల్ని ముందు బయటికి నెట్టి తర్వాత మీరు రావాలి. తలుపు తెరవడానికి తంటాలు పడితే నీళ్ళ ఒత్తిడికి అది రాదు, ఈలోగా అద్దం కూడా దిగకుండా పోతుంది. గట్టు మీదున్నవాళ్ళు ఈత బాగా వస్తే తప్ప దూకకండి, తాడో పొడవాటి వెదురో అందించండి.

మా నాన్న రోజూ తాగి బండి మీద వస్తారు. చెప్పినా వినరు.

అది అలవాటు దాటి జబ్బయి ఉండొచ్చు, తిట్టినంత మాత్రాన తగ్గదు. 14446 అనే ఉచిత నంబరుకి ఫోన్ చేస్తే మానే దారి చెబుతారు. మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటానికి 14416 ఉంది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్సు, మతిచాంచల్యం రావొచ్చు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. అందుకే డాక్టరు చూపులో మాన్పించాలి. ఈలోగా రెండో తాళం కూడా దాచేయండి, ఇంటికి తేవడానికి ఎవరో ఒకరు వెళ్ళండి. పిల్లలు ఈ పని చేయాల్సి రావడం బాధే, కానీ చేసిన పిల్లలు తప్పు చేయలేదు.

మా గట్టు మలుపులో ఏటా ఎవరో ఒకరు పడుతున్నారు. ఎవరికి చెప్పాలి?

ప్రతి జిల్లాకీ కలెక్టరు అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. "రోడ్డు బాగోలేదు" అని రాస్తే పని జరగదు. ఏ కాలవ, ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య, దగ్గర్లో ఏ వంతెన, రోడ్డు ఆర్ అండ్ బీదా పంచాయతీరాజ్‌దా నీటిపారుదల శాఖదా, గతంలో జరిగిన ప్రమాదాల తేదీలు, పగలు ఒకటి రాత్రి ఒకటి తీసిన ఫోటోలు, ఇవన్నీ జతచేయండి. అడ్డుగోడ, వెలుగు పడితే మెరిసే స్తంభాలు, పండగ వారంలో రాత్రి తనిఖీ, ఈ మూడూ విడివిడిగా అడగండి. అర్జీ నంబరు తీసుకుని, సర్పంచ్ చేత కూడా ఒక లేఖ పెట్టించండి.